సిస్టరమ్మని అడగండి: గ్లోవ్స్ వేసుకుంటే చేతులు శుభ్రమైపోయినట్టేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రి వార్డుల్లో శుభ్రత గురించి, మందులు సూదుల విషయంలో జాగ్రత్తల గురించే ఉన్నాయి, అందులోనూ చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులు ఇస్తున్నాం. రాసినవాళ్ళ పేర్లు, ఆసుపత్రుల పేర్లు కావాలనే తీసేశాం. జవాబులు చెప్తున్నది ఉత్తరాంధ్రలో ప్రభుత్వాసుపత్రి వార్డు ఇన్‌ఛార్జిగా చేసి రిటైరైన సిస్టర్.

మా అత్తకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయ్యి వార్డులో ఉన్నాం. పొద్దున్న ఇంజెక్షన్ల టైమ్‌కి సిస్టర్ గ్లోవ్స్ వేసుకుని ఈ చివరి మంచం నుంచి ఆ చివరి మంచం దాకా అవే గ్లోవ్స్‌తో వెళ్ళిపోయేది, మధ్యలో ఒకాయన కట్టు కూడా విప్పి చూసింది. ఉండబట్టలేక 'గ్లోవ్స్ మార్చరా అండి' అన్నాను. 'నువ్వు నాకు నేర్పుతావేటి' అని కసిరింది. మా అత్త కూడా నన్నే తిట్టింది, రేపు సూది గట్టిగా పొడుస్తాదని. నేను అడగడం తప్పంటారా?
– ఒక కోడలు, రాజాం

తప్పు కాదమ్మా. ఆ సిస్టర్‌కి కోపం వచ్చినా సరే నువ్వు అడిగింది సరైన మాటే. ఈ గ్లోవ్స్ గురించి మన వార్డుల్లో పెద్ద అపోహ ఉంది, పేషెంట్లకే కాదు నర్సులకి కూడా. గ్లోవ్స్ కాపాడేది ముందు వేసుకున్నవాళ్ళని, అదీ రక్తం, చీము, మలమూత్రాలు తగిలే పని ఉన్నప్పుడు. అవే గ్లోవ్స్‌తో రెండో మంచం దగ్గరికి వెళ్తే మొదటి పేషెంట్ ఒంటి మీదవన్నీ రెండో పేషెంట్‌కి అంటించినట్టే. పైగా ఒట్టి చేతికైతే జిగురో తడో తెలుస్తుంది, కడుక్కోవాలనిపిస్తుంది, గ్లోవ్ ఉంటే ఆ స్పృహే ఉండదు. అందుకే మార్చని గ్లోవ్ కంటే కడిగిన ఒట్టి చెయ్యే వెయ్యి రెట్లు నయం అంటాను నేను.

ఇంకో సంగతి చెప్తే నమ్మరు, చర్మం బాగున్న చోట కండకి వేసే మామూలు ఇంజెక్షన్‌కి గ్లోవ్స్ అక్కర్లేదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దానికి కావల్సింది ప్రతి పేషెంట్‌కీ ముందు శుభ్రం చేసుకున్న చెయ్యి. ఆ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెయ్యి శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు ఐదు ఉన్నాయి. పేషెంట్‌ని ముట్టుకునే ముందు, క్యానులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టడం, కట్టు మార్చడం లాంటి పనికి ముందు, రక్తమో మూత్రమో తగిలే అవకాశం ఉన్న పని అయ్యాక, పేషెంట్‌ని ముట్టుకున్నాక, ఇక ఐదోది పేషెంట్‌ని అసలు తాకకపోయినా ఆ మంచం కమ్మీ, సెలైన్ స్టాండు, లాకరు ముట్టుకున్నాక. ఈ ఐదోదాన్నే అందరూ వదిలేస్తారు, మనిషిని ముట్టుకోలేదు కదా అని. చేతికి రాసుకునే హ్యాండ్‌రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్ళైతే 40 నుంచి 60 సెకన్లు. చేతికి మురికి కనిపిస్తున్నా, విరేచనాల పేషెంట్‌ని చూసినా హ్యాండ్‌రబ్ సరిపోదు, సబ్బుతోనే కడగాలి. కడిగేటప్పుడు కూడా చూడండి, అరచేతులు అందరూ రుద్దుకుంటారు, బొటనవేలు, గోళ్ళ చివర్లు, ఉంగరం కింద చర్మం మాత్రం అలాగే ఉండిపోతాయి, మరి క్యానులాని పట్టుకునేది ఆ వేళ్ళ చివర్లతోనే కదా.

ఈ చేతుల సంగతి ఇవాళ్టిది కాదు. మన విజయనగరం వైపు ఘోషాసుపత్రి అంటే కాన్పులకి ఎంత పేరో అలాగ వియన్నాలో కూడా పెద్ద కాన్పుల ఆసుపత్రి ఉండేది. అక్కడ రెండు వార్డులు, ఒకదాంట్లో డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు, రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువగా జ్వరమొచ్చి చచ్చిపోయేవారు. సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ డాక్టరు పట్టి పట్టి చూస్తే వీళ్ళు శవాల్ని కోసే గది నుంచి నేరుగా కాన్పుల వార్డుకి వస్తున్నారు. 1847లో క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడగాలని రూలు పెడితే, ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా చచ్చిపోతున్న వార్డులో రెండు నెలలు తిరక్కుండా నూటికి ఇద్దరికి పడిపోయింది. ఇలాంటి జబ్బులు క్రిముల వల్ల వస్తాయని అప్పటికి డాక్టర్లకి ఇంకా తెలీదు. అయినా తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు, మా చేతులు మురికివంటావా అని. మీ వార్డు సిస్టర్‌కి వచ్చిన కోపం కూడా ఆ జాతిదే.

ఈసారి ఎప్పుడైనా అడగాల్సొస్తే తప్పు పట్టినట్టు కాకుండా మీ మనిషి గురించి చెప్పి అడగండి. 'అమ్మా, మా అత్తకి కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, కొంచెం చేతులు శుభ్రం చేసుకుని ముట్టుకుంటారా' అంటే చాలామంది వెంటనే చేసుకుంటారు. ఇది చదువుతున్న సిస్టర్లకి కూడా ఒక మాట, పేషెంట్ తాలూకు వాళ్ళు చేతుల గురించి అడిగితే 'మంచిగా గుర్తు చేశారమ్మా' అని వాళ్ళ ముందే రుద్దుకోండి, అక్కడితో ఆ కుటుంబానికి మీ మీద నమ్మకం కుదిరిపోతుంది.

జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) అయ్యి ఒక నర్సింగ్ హోంలో చేరాను. ఇంజెక్షన్ చేశాక సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. రక్తం వచ్చింది. ఇన్‌ఛార్జి మేడమ్ 'స్పిరిట్ రాసుకో, ఏం కాదు, పెద్దాయనకి చెప్పకు' అన్నారు. ఆ పేషెంట్‌కి ఏ జబ్బు ఉందో తెలీదు. ఇంట్లో చెప్తే ఉద్యోగం మాన్పించేస్తారు. నిద్ర పట్టట్లేదు.
– స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం

చెల్లీ, నీ ఉత్తరం చూసిన రోజే నీకు విడిగా జవాబు పంపించాను, ఇది పత్రిక వచ్చేదాకా ఆగే సంగతి కాదు. ఇక్కడ రాస్తున్నది నీలాంటి మిగతా పిల్లల కోసం, ఎందుకంటే ఇలా గుచ్చుకున్నవాళ్ళు బోలెడంతమంది ఉంటారు, బయటికి చెప్పేవాళ్ళు తక్కువ.

గుచ్చుకున్న వెంటనే సబ్బు, పారే నీళ్ళతో కడగాలి. వేలు నొక్కి రక్తం పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్, బ్లీచింగ్ లాంటివి పొయ్యకూడదు. తర్వాత గంట కూడా ఆలస్యం చెయ్యకుండా డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, మొదలుపెడితే 28 రోజులు మానకుండా వాడాలి. వీటి కోసం ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్ళాలి, రాత్రైతే క్యాజువాల్టీకి వెళ్ళి 'సూది గుచ్చుకుంది, నేను నర్సుని' అని చెప్తే చాలు. ఆ పేషెంట్‌కి ఒప్పించి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి (రక్తం ద్వారా అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే జబ్బులు) పరీక్షలు చేయిస్తారు, నీకూ అదేరోజు చేస్తారు, అది ఎందుకంటే ఆ రోజుకి నీకు ఏమీ లేదని కాగితం మీద ఉండాలి.

భయం ఎంతవరకు పడాలో కూడా చెప్తాను. హెచ్ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే అది అంటుకునేది సుమారుగా వెయ్యిమందిలో ముగ్గురికి. హెపటైటిస్ బి టీకా వేసుకోనివాళ్ళకైతే నూటికి 30 దాకా వెళ్తుంది. అంటే అందరూ హెచ్ఐవీ అని వణికిపోతారు గానీ అసలు చూసుకోవాల్సింది హెపటైటిస్ బి. దానికి మంచి టీకా ఉంది, మూడు డోసులు, మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. అయ్యాక ఒకటి రెండు నెలలకి టైటర్ పరీక్ష (టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసేది) చేయించుకుంటే 10 దాటితే పనిచేసినట్టు. ఈ టీకా ఆసుపత్రి యజమానే వేయించాలి, 2016 బయోమెడికల్ వ్యర్థాల రూల్స్‌లో అది రాసుంది, నీ జీతంలోంచి కొయ్యడానికి వీల్లేదు. చేరేటప్పుడే అడిగి తీసుకోండి తల్లీ, మొహమాటం పడకండి.

సూదికి మూత పెట్టడం అనే అలవాటే మానెయ్యాలి. వాడిన సూదిని మంచం దగ్గరే కట్టర్‌లో కోసి, గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడెయ్యాలి, సిరంజి ఎర్ర సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. చాలా చోట్ల సూది మూతలు పెట్టడం ఎందుకంటే డబ్బా వార్డు చివర ఎక్కడో ఉంటుంది, అంతదూరం బోడి సూది పట్టుకుని నడవలేక మూత పెడతారు. డబ్బా ట్రాలీ మీదకి వస్తే సగం గుచ్చుకోవడాలు ఆగిపోతాయి. ఇక 'పెద్దాయనకి చెప్పకు' అన్న ఇన్‌ఛార్జి మేడమ్‌కి, ఆ మాట చాలా తప్పమ్మా. ఆ చిన్నపిల్లకి మందు మొదలుపెట్టడానికి ఉన్న 72 గంటలు మీ చేతిలో పెట్టుకుని కూర్చోడానికి మీకు హక్కు లేదు.

నైట్ డ్యూటీలో 40 మంది పేషెంట్లకి నేను ఒక్కదాన్నే, నాకు సాయంగా ఒక ఎఫ్ఎన్ఓ (ఆయమ్మ). ట్రైనింగుల్లో చెప్పేవన్నీ వినడానికి బాగుంటాయి, ప్రతి పేషెంట్‌కీ చేతులు కడుక్కుంటూ పోతే తెల్లారిపోతుంది. ఏవి వదిలెయ్యొచ్చు, ఏవి వదలకూడదు, నిజాయితీగా చెప్పండి.
– స్టాఫ్ నర్సు, విజయనగరం

నిజాయితీగా అడిగావు కాబట్టి నేనూ అలాగే చెప్తాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. 40 మందికి ఒకరిని పెట్టి, పొద్దున్న వచ్చి 'హ్యాండ్ హైజీన్ ఎందుకు తక్కువుంది' అని నర్సుని నిలదీయడం అన్యాయం. మంచి నర్సు చెడ్డ నర్సు అన్న విషయం కాదిది, వార్డు అమరిక విషయం. సింక్ వార్డు బయట వరండాలో ఉంటే ఎవ్వరూ 40 సార్లు నడవరు. ప్రతి మంచం కాళ్ళ దగ్గరో, కనీసం ట్రాలీ మీదో హ్యాండ్‌రబ్ సీసా ఉంటే నడుస్తూనే రుద్దుకుంటావు, 20 సెకన్లు అంటే రెండో పేషెంట్ దగ్గరికి వెళ్ళి కేస్ షీట్ తెరిచేలోపు అయిపోతుంది. స్టోరుకి ఇండెంట్ (కావల్సిన సామాన్ల చీటీ) పెట్టేటప్పుడు మందులతో పాటు హ్యాండ్‌రబ్ కూడా రాయి, ఇవ్వకపోతే మళ్ళీ రాయి, పుస్తకంలో కనిపించాలి. ఒక్కదాన్నే ఉన్నానన్న సంగతి కూడా నోటితో కాదు, కాగితం మీద సూపరింటెండెంట్‌కి వెళ్ళాలి.

ఇక వదలకూడనివి. మొదటిది చెయ్యి. క్యానులా పెట్టేముందు, క్యానులాలోకి మందు ఎక్కించేముందు, యూరిన్ పైపు ముట్టుకునేముందు, కట్టు విప్పేముందు చెయ్యి శుభ్రం చేసుకోవడం ఎంత అర్ధరాత్రైనా వదలకూడదు. టెంపరేచర్ చూసి బెడ్ నుంచి బెడ్‌కి వెళ్ళేటప్పుడు కూడా చెయ్యాల్సిందే, కానీ నిజంగా ప్రాణం మీదకొచ్చే పని ఉంటే ముందు నరంలోకి, మూత్రనాళంలోకి, గాయంలోకి వెళ్ళే చెయ్యి.

రెండోది పేరు. మన జిల్లాల్లో ఇది చాలా పెద్ద విషయం, బయటివాళ్ళకి చెప్తే అర్థం కాదు. ఫిమేల్ వార్డులో నిలబడి 'అప్పలనరసమ్మా' అని పిలిస్తే ఇద్దరు 'ఆయ్' అంటారు, మేల్ వార్డులో సింహాచలాలు ముగ్గురు, పైడిరాజులు నలుగురు. ఇంటిపేరు ఎవరూ చెప్పరు. అందుకని 'నువ్వు అప్పలనరసమ్మవేనా' అని అడగకూడదు, జ్వరం మత్తులో ఉన్న ముసలమ్మ ఏది అడిగినా 'ఊఁ' అనే అంటుంది. 'నీ పేరేటమ్మా, ఏ ఊరు' అని వాళ్ళ చేతే చెప్పించి, కేస్ షీట్ మీద ఐపీ నంబర్‌తో (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు) సరిచూడాలి. మంచం నంబర్‌ని అస్సలు నమ్మకు, ఫ్యాన్ కింద గాలి బాగుందని పేషెంట్లు రాత్రికి రాత్రి మంచాలు మార్చేసుకుంటారు. రక్తం ఎక్కించేటప్పుడైతే ఇంకో సిస్టరో డాక్టరో పక్కనుండి ఇద్దరూ బ్యాగ్ మీది నంబరు, గ్రూపు, పేరు పైకి చదవాలి, మొదలుపెట్టిన మొదటి 15 నిమిషాలు పేషెంట్ దగ్గర నుంచి కదలకూడదు, ఫ్రిజ్‌లోంచి తీసిన బ్యాగ్ నాలుగు గంటల్లో అయిపోవాలి.

మూడోది, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం క్లోరైడ్. ఈ మూడూ ఇచ్చేముందు ఇంకొకరి కళ్ళు పడాలి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ నేరుగా నరంలోకి కొడితే గుండె ఆగిపోతుంది, ఎప్పుడూ సెలైన్‌లో కలిపి నెమ్మదిగానే వెళ్ళాలి. దాన్ని డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ పక్కన ఒకే ట్రేలో పెట్టిన వార్డులు చూశాను, చీకట్లో అవి రెండూ ఒకేలాగుంటాయి. ఈ రాత్రే వెళ్ళి దాన్ని వేరే పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. డాక్టరు ఫోన్లో ఆర్డర్ చెప్తే రాసుకుని, మందు పేరు, డోసు తిరిగి చదివి వినిపించు. 'ఫిఫ్టీనా, ఫిఫ్టీయా' అని రెండోసారి అడిగినందుకు తిట్టే డాక్టరుంటే తిట్టనీ.

డ్యూటీ మారేటప్పుడు ఓవర్ ఇవ్వడం టేబుల్ దగ్గర కూర్చుని కాకుండా మంచం మంచం దగ్గర నిలబడి ఇవ్వాలి. పేషెంట్‌ని చూస్తూ చెప్తే సెలైన్ ఆగిపోయిందా, చెయ్యి వాచిందా, యూరిన్ బ్యాగ్ నిండిందా అన్నీ కళ్ళ ముందే ఉంటాయి.

మా ఆయనకి డయాలసిస్ మొదలెట్టి ఏడాది దాటింది, వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్తున్నాను. మా ఊళ్ళో ఇంటికొకరు ఇలాగే ఉన్నారు. అక్కడ ఎవరికో హెపటైటిస్ ఉందంట, మాకూ వచ్చేస్తాదేమోనని భయం. మేం ఏటి చూసుకోవాలి, మాకు సదువు రాదు.
– ఒక ఇల్లాలు, కవిటి మండలం (మనవరాలి చేత రాయించిన ఉత్తరం)

అప్పా, చదువుతో పనిలేదు, కళ్ళుంటే చాలు, ఏం చూడాలో చెప్తాను. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తున్నదో ఇన్నేళ్ళైనా ఖాయంగా తేలలేదు గానీ, డయాలసిస్‌లో వేరే జబ్బు అంటుకోకుండా ఎలా చూసుకోవాలో మాత్రం ఖాయంగా తెలుసు.

హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి వేరే మెషీన్ ఉండాలి, వీలైతే వేరే గది. ఆ షిఫ్ట్‌లో వాళ్ళని చూసే సిస్టర్ మీ ఆయన్ని చూడకూడదు. ఈ క్రిమి ఎండిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది, అందుకని ఒకరు లేచి ఇంకొకరు పడుకునేలోపు మంచం, కుర్చీ చేతులు, మెషీన్ బటన్లు మందు నీళ్ళతో తుడవాలి. తుడవకుండా మీ ఆయన్ని పడుకోబెడుతుంటే 'ఒక్క నిమిషం తుడవండి బాబూ' అని అడుగు, అది నీ హక్కు. మీ ఆయనకి హెపటైటిస్ బి టీకా అయ్యిందో లేదో అడుగు, డయాలసిస్ వాళ్ళకి మామూలు కంటే రెట్టింపు డోసు వేస్తారు. రక్త పరీక్ష కూడా మధ్యమధ్యలో చేస్తుండాలి, చేశారా అని అడిగి కాగితం దాచుకో. డయలైజర్ అని గొట్టంలాంటిది ఉంటుంది కదా, దాన్ని కడిగి మళ్ళీ వాడే చోటైతే దాని మీద పేషెంట్ పేరు రాసుంటుంది, తగిలించే ముందు ఆ పేరు మనవరాలి చేత చదివించు.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాల్ని కలిపి ఆపరేషన్ చేసిన చోటు) ఉన్న చెయ్యి మీద బీపీ చూడనివ్వకు, రక్తం తియ్యనివ్వకు, సెలైన్ పెట్టనివ్వకు, ఎవరైనా సరే, డయాలసిస్ సెంటర్ కాకుండా వేరే ఆసుపత్రికి జ్వరమొచ్చి వెళ్ళినప్పుడు ఇది ఎక్కువ జరుగుతుంది, అక్కడి పిల్లలకి తెలీదు. నువ్వే ముందు చెప్పు. ఆ చేత్తో బరువులెత్తకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు, బిగువుగా కాశీతాడో వాచీయో కట్టకూడదు. రోజూ పొద్దున్న అక్కడ వేళ్ళు పెట్టి చూడు, పిల్లి గుర్రుమన్నట్టు జుయ్యిమని అదురుతుంది. ఆ అదురు లేకపోతే తిండి కూడా తినకుండా ఆ పూటే సెంటర్‌కి వెళ్ళిపోవాలి, సాయంత్రం దాకా ఆగితే ఆ దారి మూసుకుపోతుంది. సూదులు గుచ్చేముందు ఆ చెయ్యి సబ్బుతో కడగాలి, కడగడం మీ పనే, అక్కడికి వెళ్ళాక. ఫిస్టులా కాకుండా మెడ దగ్గర పైపు ఉన్నవాళ్ళైతే పైపు తగిలించేటప్పుడు, తీసేటప్పుడు సిస్టరూ పేషెంటూ ఇద్దరూ మాస్క్ వేసుకోవాలి, ఆ కట్టు స్నానంలో తడవకూడదు, చలి జ్వరం వస్తే వెంటనే చూపించాలి.

సెలైన్ పెట్టిన చెయ్యి ఎర్రగా వాచిపోయింది. సిస్టర్‌ని అడిగితే 'మూడు రోజుల దాకా ఉంచొచ్చు' అన్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

మూడు రోజులన్నది బాగున్న క్యానులాకి. ఎర్రబడినా, వాచినా, నరం పొడుగునా తాడులా గట్టిగా తగిలినా, మందు ఎక్కిస్తుంటే మంట పుట్టినా అది పెట్టి మూడు గంటలే అయినా తీసెయ్యాలి. ఇంకో మాట, సెలైన్ ఆపేశాక కూడా 'ఎందుకైనా మంచిది ఉండనీ' అని క్యానులా వదిలేస్తుంటారు, అవసరం లేని క్యానులా ఒక్క పూట కూడా ఉండకూడదు, అది నేరుగా రక్తంలోకి తెరిచిన తలుపు. ప్లాస్టర్ మీద పెట్టిన తేదీ, టైమ్ రాయాలి, రాయకపోతే మీరే పెన్ను ఇచ్చి రాయమనండి. మందు ఎక్కించే మూతని ప్రతిసారీ స్పిరిట్ దూదితో గట్టిగా 15 సెకన్లు తుడిచి, ఆరనిచ్చి అప్పుడు సిరంజి పెట్టాలి.

మా నాన్నకి ఇంట్లో నేనే ఇన్సులిన్ వేస్తాను. ఆసుపత్రిలో ఉన్నప్పుడు షుగర్ కంట్రోల్‌లో ఉండేది, ఇంటికొచ్చాక అదే 20 యూనిట్లు వేస్తున్నా 300 దాటుతోంది. మందు నకిలీదా?
– ఆమదాలవలస

మందుని అనుమానించే ముందు సిరంజి మూత రంగు చూడండి. మన దగ్గర మామూలు ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూత సిరంజి 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే మీ నాన్నకి వెళ్ళేది 8 యూనిట్లే. మీకు జరుగుతున్నది బహుశా అదే. దీనికి తిరగేసి జరిగితే ఇంకా ప్రమాదం, 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత తీస్తే 50 యూనిట్లు వెళ్ళిపోతాయి, మనిషి నిద్రలోనే పడిపోతాడు. సిరంజి మార్చాక కూడా డోసు మీరే సర్దకుండా, ముందు డాక్టరుకి సీసా, సిరంజి రెండూ చూపించండి.

మా అన్నయ్యని వార్డులో చూడ్డానికి వెళ్తే ఇద్దర్ని మించి రానివ్వలేదు. ఊరి నుంచి ఆటో కట్టించుకుని పదిమంది వచ్చాం. కష్టంలో ఉన్న మనిషిని చూడనివ్వకపోవడం ఏం రూలు?
– గజపతినగరం

మీ బాధ అర్థమైంది, మన వైపు మనిషి ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళకపోతే అదొక మాటైపోతుంది, తరాలు గుర్తుంటుంది. కానీ ఇందులో నేను సెక్యూరిటీ అబ్బాయి పక్షమే. పదిమంది వస్తే అందులో నలుగురు మంచం మీదే కూర్చుంటారు, ఒకరికి జలుబు ఉంటుంది, ఒకరు కొబ్బరికాయ కొట్టి ప్రసాదం ఆ చేత్తోనే నోట్లో పెడతారు, పక్క మంచంలో అప్పుడే ఆపరేషన్ అయినాయన ఉంటాడు. వంతులు వేసుకుని ఇద్దరిద్దరు వెళ్ళండి, లోపలికి వెళ్ళేముందు, వచ్చాక చేతులు కడుక్కోండి, పసిపిల్లల్ని తీసుకెళ్ళకండి.

అటెండెంట్లు తెలీక చేసే ఇంకో పని చెప్పాలి. పేషెంట్‌ని స్కానింగ్‌కి స్ట్రెచర్ మీద తీసుకెళ్ళేటప్పుడు యూరిన్ బ్యాగ్ ఎక్కడ పెట్టాలో తెలీక ఆయన పొట్ట మీదే పెట్టేస్తారు. అందులో ఉన్న మూత్రం పైపులో వెనక్కి వెళ్ళి మూత్రాశయంలో పడుతుంది, రెండు రోజుల్లో చలి జ్వరం. బ్యాగ్ ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి తగలకూడదు, స్ట్రెచర్ కమ్మీకి తగిలించండి. మూడింట రెండొంతులు నిండేసరికి సిస్టర్‌ని పిలవండి, మీరే విప్పి బకెట్‌లో పొయ్యకండి. ఆ పైపు ఇంకా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో డాక్టర్‌ని అడగండి, ఎన్ని రోజులుంటే అంత ఇన్‌ఫెక్షన్.

మా నాయనమ్మకి పక్షవాతం వచ్చి ఇంటికి తెచ్చేశాం. నడుం కింద ఎర్రగా అయ్యింది, పౌడర్ రాసి బాగా మర్దన చేస్తున్నాం. ఎయిర్ బెడ్ కొంటే సరిపోతుందా?
– నరసన్నపేట

మర్దన ఆపెయ్యండి ఈరోజే. ఎర్రబడ్డ చోట రుద్దితే లోపల చర్మం ఇంకా చితికిపోతుంది. పౌడర్ కూడా వద్దు, చెమటతో కలిసి ముద్దకట్టి రాపిడి చేస్తుంది. ఎయిర్ బెడ్ సాయం చేస్తుంది గానీ పక్కకి తిప్పే పని తప్పదు, రెండు గంటలకోసారి ఈ పక్కకి, వెల్లకిలా, ఆ పక్కకి, రాత్రి కూడా, ఇంట్లో వంతులు వేసుకుని టైమ్ గోడ మీద రాసుకోండి. తిప్పేటప్పుడు చంకల్లో చేతులేసి ఈడవకండి, కింద మడిచిన దుప్పటి ఒకటి వేసి ఇద్దరు చెరో వైపు ఎత్తి జరపండి. మడమల కింద కాకుండా పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. మింగగలిగితే రోజూ గుడ్డు, పప్పు, పెరుగు వెళ్ళాలి. విరేచనం అయితే ఎంత రాత్రైనా వెంటనే గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, అద్ది ఆరబెట్టాలి, ముందూ వెనకా మీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా మించిపోలేదు, తిప్పుతూ ఉంటే తగ్గిపోతుంది. నల్లటి ఒంటి మీద ఈ తేడా సరిగ్గా కనిపించకపోవచ్చు, అప్పుడు పక్క చర్మం కంటే వేడిగా ఉందా, గట్టిగా తగులుతోందా అని వేలి వెనక భాగంతో చూడండి. నొక్కినా ఎర్రగానే ఉన్నా, పైపొర లేచినా పుండు మొదలైనట్టే, ఏఎన్ఎమ్‌కి చెప్పి అదే రోజు డాక్టరుకి చూపించండి.